అమ్మ చీర మాయమైన ఫొటో

ఆ ఫొటోలో మా అమ్మ ముఖం ఉంది. రెండు చేతులున్నాయి, చేతులకు గాజులున్నాయి. మెరూన్ రంగు జాకెట్టు ఉంది. చీర మాత్రం లేదు. చీర ఉండాల్సిన చోటంతా ఏదో విదేశీ కోట గోడ, దాని బూడిదరంగు రాళ్ళు కనిపిస్తున్నాయి. చీర అంచు ఒక్కటే మిగిలింది. ఆ రాళ్ళ మీద మెరూన్ రిబ్బన్ వేలాడదీసినట్టు భుజం మీంచి కింది దాకా దిగింది.

దీనికి మేం పన్నెండు వందలు కట్టాం. డబ్బు సంగతి తర్వాత చెప్తాను, అసలు బాధ అది కాదు.

మే నెలలో తమ్ముడు బెంగళూరు నుంచి భార్యాపిల్లలతో వచ్చాడు. వాళ్ళు నలుగురు, మేం నలుగురం, అమ్మ. నాయన పోయి నాలుగేళ్ళు. ఆ తర్వాత తొమ్మిది మందిమీ ఒక్కచోట చేరడం అదే మొదటిసారి. పిల్లలు థీమ్ పార్కు అన్నారు, సరేనని సిటీ బయట ఉన్న ఒక పార్కుకి బయల్దేరాం. దాని పేరు రాయను. అమ్మ ముందు రోజే గద్వాలలో రైలెక్కి కాచిగూడలో దిగింది. “నాకెందుకు బిడ్డా, ఆ తిరిగేటివి జూస్తెనే కండ్లు తిరుగుతయి, నేను ఇంటికాడనే ఉంట” అంది. తమ్ముడు ఒక్కటే మాట అన్నాడు: “అక్కడ కెమెరా వాళ్ళు ఉంటరమ్మా. అందరం కలిసి మంచిగ ఒక ఫొటో దిగుదాం.” అమ్మ మెత్తబడింది. తెల్లారి మేం లేచేసరికి తలస్నానం చేసి, సంచిలో పెట్టుకొచ్చిన గద్వాల చీర కట్టుకుని సోఫా అంచున కూర్చుని ఉంది.

చిలకపచ్చ చీర. ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు, మెరూన్ మీద సన్నటి జరీ. 2017 దసరాకి నాయన కొనిచ్చాడు. ఆయన కొనిచ్చిన చీరల్లో అదే చివరి మంచి చీర. అమ్మ దాన్ని నాలుగైదు సార్లకు మించి కట్టలేదు.

మా నాయనది ఫొటో స్టూడియో. గద్వాలలో కోట వైపు పోయే బజారులో ముప్ఫై ఏళ్ళకు పైగా నడిపాడు. ముందు గదిలో అద్దం, దువ్వెన, పౌడర్ డబ్బా. లోపలి గదిలో గొడుగు లైట్లు రెండు, పైన చుట్టి కట్టిన సీనరీలు మూడు. ఒకటి తోటా మెట్లూ, ఒకటి తాజ్‌మహల్, ఒకటి ఏ బొమ్మా లేని ముదురు నీలం పరదా. ఆడవాళ్ళు ఫొటోకి వస్తే నాయన కాసేపు బయట నిలబడేవాడు. అమ్మ లోపలికి వెళ్ళి వాళ్ళ కుచ్చెళ్ళు సర్దేది, కొంగు మడతలు సమంగా పేర్చి పిన్ను పెట్టేది, మెడ మీద చెమట అద్దేది, పుస్తెల తాడు పైకి కనబడాలా లోపల ఉండాలా అని అడిగేది. పెళ్ళిచూపుల ఫొటోకని వచ్చిన అమ్మాయి మెడ బోసిగా ఉంటే తన గొలుసు తీసి వేసి, ఫొటో అయ్యాక తిరిగి తీసుకునేది. నేను బడి నుంచి వచ్చి పాస్‌పోర్ట్ ఫొటోలు కత్తిరిస్తూ ఇవన్నీ చూసేదాన్ని.

నాయన దీని మీద ఒక కథ చెప్పేవాడు. నిజాం కొలువులో ఫొటోలు తీసిన రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో పరదా పాటించే ఆడవాళ్ళ కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టించాడని, దాన్ని చూసుకోవడానికి ఒక దొరసానిని నియమించాడని. “అంత పెద్దాయన కూడా ముందుగాల వచ్చినోళ్ళ ఇబ్బంది ఏందో జూసిండు, కెమెరా తర్వాత” అనేవాడు. అమ్మ వినీ విననట్టు పరదా ముడతలు సరిచేస్తూ ఉండేది.

అన్ని వేలమంది చీరలు సర్దిన మనిషికి తన ఫొటోలు పట్టుమని పది లేవు. గోడ మీద ఉన్నది ఒక్కటే, 1996లో తీసింది. నాయన టైమర్ పెట్టి పరుగెత్తుకొచ్చి అమ్మ పక్కన నిలబడ్డాడు. ఆయన భుజం కాస్త చెదిరింది. అమ్మ కుచ్చెళ్ళు మాత్రం ఇప్పటికీ ఒక్కొక్కటిగా లెక్కపెట్టొచ్చు.

ఆ కెమెరా యాషికా, రెండు లెన్సులది. రోలుకి పన్నెండే ఫొటోలు. పైనుంచి తల వంచి అద్దంలో చూడాలి, బొమ్మ కుడిఎడమలు తారుమారుగా కనిపిస్తుంది. నాయన తల వంచి ఫోకస్ చూసుకునేవాడు, తర్వాత తలెత్తి మనుషుల ముఖాల్లోకి చూస్తూ బటన్ నొక్కేవాడు. కెమెరా పొట్ట దగ్గర ఉంటుంది కాబట్టి ఆయన కళ్ళకీ మన కళ్ళకీ మధ్య ఏ అడ్డమూ ఉండదు. “గదుమ జర దించు”, “భుజాలు వదిలెయ్, ఎవ్వరు కొట్టరు” అనేవాడు. గ్రూపు ఫొటో అయితే అందరినీ కళ్ళు మూసుకోమని, మూడు అనగానే తెరవమనేవాడు. అలా తెరిచాక ఒకటి రెండు క్షణాలు ఎవరూ రెప్ప వేయరు. అయినా ఎవరివైనా కళ్ళు మూసుకుపోయిన ఫొటో వస్తే డబ్బు తీసుకునేవాడు కాదు, కబురు పెట్టి పిలిపించి మళ్ళీ తీసేవాడు. ఆ ఖర్చు మా ఇంటి కూరగాయల డబ్బులోంచి పోయేదని నాకు పెద్దయ్యాక తెలిసింది.

ఇంకో సంగతి. ఎవరొచ్చినా ముందు ఆయన చూసేది వాళ్ళ బట్టలు. తెల్ల పంచె, తెల్ల చొక్కా అయితే నీలం పరదా దించేవాడు. ముదురు రంగులైతే తోట. పరదా ఏదో తేలేది మనిషిని చూశాకే.

పార్కులో పరదా ఒక్కటే. టికెట్లు చూపించి గేటు దాటగానే ఒక షెడ్డు, షెడ్డులో గోడంతా ఆకుపచ్చ బట్ట. లోపలికి పోవాలంటే దాని ముందు నుంచే దారి. ఒకాయన “దగ్గరికి జరగండి, జరగండి” అని వరసను ముందుకి తోస్తున్నాడు. కెమెరా స్టాండుకి బిగించి ఉంది. దాని వెనక ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ కుర్రాడు, చెవిలో వైరు. మేం తొమ్మిది మందిమి పరదాకి రెండడుగుల దూరంలో నిలబడ్డాం. అమ్మని మధ్యలో పెట్టాం. అమ్మ పాత అలవాటుగా ముందు నా కూతురి చున్నీ సరిచేసింది, తర్వాత కోడలి కొంగు సరిచేసింది, ఆఖరికి తన కొంగు పిన్ను విప్పి మళ్ళీ పెట్టుకుంటోంది. “స్మైల్” అన్నాడు, ఫ్లాష్ పడింది, “నెక్స్ట్” అన్నాడు. అమ్మ ఇంకా తల వంచే ఉంది. “ఇంకోటి తియ్యి బాబూ, అమ్మ చూడలేదు” అన్నాను. తీశాడు. నంబరు రాసిన స్లిప్పు చేతిలో పెట్టారు.

పరదా రంగు నాకు కనపడింది. అమ్మ చీర రంగూ కనపడింది. రెండూ కలిపి ఆలోచించలేదు. స్టూడియోలో పెరిగినదాన్ని, తట్టాల్సింది. ఎండ, వెనక జనం, చెయ్యి పట్టి లాగుతున్న పిల్లలు, అదో హడావిడి. కానీ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ పరదా ముందే ఉండేవాళ్ళకి తట్టకపోవడాన్ని మాత్రం నేను ఒప్పుకోలేను.

ఆ పరదా ఆకుపచ్చగా ఉండడానికి కారణం ఉంది. మనిషి చర్మంలో ఆ రంగు తక్కువ, అందుకని వేరుచేయడం తేలిక. పైగా మామూలు డిజిటల్ కెమెరా సెన్సర్‌లో ప్రతి నాలుగు చుక్కల్లో రెండు ఆకుపచ్చని పట్టేవి, ఒకటి ఎరుపుది, ఒకటి నీలానిది. ఆ రంగు మిగతావాటికంటే శుభ్రంగా నమోదవుతుంది. తర్వాత కంప్యూటర్ ఆకుపచ్చ ఉన్న చోటల్లా తీసేసి అక్కడ కోట బొమ్మ నింపుతుంది. పరదా ఏదో, చిలకపచ్చ గద్వాల చీర ఏదో దానికి తెలియదు. అలాంటి పరదా ముందు కూర్చుని టీవీలో వార్తలు చదివేవాళ్ళు ఆ రంగు బట్టలు వేసుకోనిది ఇందుకే. ఇది ఆ పనిలో మొదటి రోజు నేర్చుకోవాల్సిన విషయం.

పరదాకి దగ్గరగా నిలబెడితే ఇంకో చిక్కు కూడా ఉంది. బట్ట మీద పడిన వెలుగు ఆకుపచ్చగా వెనక్కి కొట్టి మనుషుల మీద పడుతుంది. ఆరేడు అడుగులు ముందుకి జరిపితే చాలావరకు పోతుంది. మమ్మల్ని జరపలేదు. ఫొటోలో మా ఆయన చెవుల అంచులు జబ్బు మనిషివిలా పచ్చగా ఉన్నాయి. అమ్మ తెల్లజుట్టు చుట్టూ కత్తెరతో కత్తిరించినట్టు గరుకు గీత. మా తమ్ముడి చిన్నోడి కాళ్ళ మీద పార్కు పేరున్న పట్టీ అచ్చయింది. వాడు ఆ రోజు కోసమని కొనిపించుకున్న కొత్త బూట్లు దాని కింద పోయాయి.

రోజంతా బాగానే గడిచింది, అది చెప్పకపోతే అన్యాయం. అమ్మ జెయింట్ వీల్ ఎక్కలేదు గానీ పిల్లల రైలు ఎక్కింది, రెండుసార్లు. పులిహోర డబ్బా లోపలికి రానివ్వలేదని కాసేపు అలిగింది. అలల కొలనులో మోకాళ్ళ దాకా దిగి నా కూతురి చెయ్యి వదల్లేదు.

సాయంత్రం బయటికొచ్చే దారి ఫొటో కౌంటర్ పక్కనుంచే. నంబరు చెప్తే తెర మీద ఫొటో చూపిస్తారు, అగ్గిపెట్టె అంత. అందరి ముఖాలూ ఉన్నాయి, కళ్ళు తెరిచే ఉన్నాయి. తమ్ముడు పన్నెండు వందల ప్యాకేజీకి డబ్బు కట్టేశాడు. గేటు దగ్గరి ఫొటో పెద్దది ఒకటి, నీళ్ళ రైడ్ మీద తీసినవి రెండు, ఒక అట్ట ఫోల్డర్. ప్రింటర్ మొదలైంది. ఆ ప్రింటర్లలో ఇంకు చుక్కలు పడవు. రంగు పూసిన రిబ్బన్ వేడికి కాగితం మీదికి దిగుతుంది. పసుపుకి ఒకసారి, గులాబీ రంగుకి ఒకసారి, నీలానికి ఒకసారి, పైన మెరుపు పొరకి ఇంకోసారి కాగితం లోపలికీ బయటికీ పోయి వస్తుంది. పిల్లలు నోరు తెరుచుకుని చూస్తున్నారు. నాకు నాయన డార్క్ రూమ్ గుర్తొచ్చింది. ఎర్ర బల్బు కింద ట్రేలో తెల్ల కాగితం మీద ముందు కళ్ళు తేలేవి, తర్వాత జుట్టు, ఆ తర్వాత చీర పువ్వులు.

ప్రింటు అమ్మే తీసుకుంది. కొంగుకి చేతులు తుడుచుకుని, వేలిముద్ర పడకుండా రెండంచులూ పట్టుకుని చూసింది. మనవళ్ళను చూసి నవ్వింది. తర్వాత తనని వెతుక్కుంది. చూపుడువేలు కాగితానికి తగలకుండా తన మెడ కింద గాలిలో ఆపి, “ఇదేంది బిడ్డా, నా చీర యాడికి పోయింది?” అంది.

కౌంటర్‌లో అమ్మాయి చూసి, “సిస్టమ్ ఆటోమేటిక్‌గా తీసేస్తది మేడం. గ్రీన్ కలర్ వేసుకుంటే అట్లనే వస్తది” అంది. అంటే ఇది మా ఒక్కళ్ళకి జరిగింది కాదు. “మీకు తెలిసినప్పుడు పొద్దున ఎందుకు చెప్పలేదమ్మా?” అంటే, గేటు దగ్గర తీసేవాళ్ళు వేరే అంది. బ్యాక్‌గ్రౌండ్ మార్చి ఇస్తామంది. జలపాతం ఉందట, డైనోసార్ ఉందట. ఏది పెట్టినా అమ్మ ఒంటి మీద అదే వస్తుంది కదా. “ఏ కోటా వద్దు, ఆ ఆకుపచ్చ పరదాతోనే ఉన్నది ఉన్నట్టు ప్రింటు ఇవ్వండి, అందులో చీర ఉంటుంది” అన్నాను. అలా ఇవ్వడానికి లేదన్నారు. ఫైలు ఇవ్వమంటే అదీ లేదు. సూపర్‌వైజర్ వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు. మళ్ళీ తీయమంటే గేటు దగ్గర లైట్లు ఆర్పేశామన్నాడు. ప్రింటు అయ్యాక డబ్బు వాపసు లేదని బోర్డు చూపించాడు. తమ్ముడికి కోపం ఆగలేదు, అక్కడే నిలబడి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తానన్నాడు. అమ్మ వాడి చెయ్యి పట్టుకుని “పిల్లలు అలిసిన్రు, నడు పోదాం” అంది. మేం వచ్చేశాం.

ఆ రాత్రంతా నాకు నిద్ర లేదు. సాఫ్ట్‌వేర్‌లో చీర చుట్టూ చేత్తో గీత గీస్తే కంప్యూటర్ ఆ భాగం జోలికి పోదు. తెలిసినవాళ్ళకి కొద్ది నిమిషాల పని. ఆకుపచ్చ బట్టలవాళ్ళ కోసం పక్కన ఒక నీలం బట్ట వేలాడదీస్తే ఆ పనీ ఉండదు. అదీ కుదరదంటే షెడ్డు బయట పది అడుగుల్లో వేపచెట్టు ఉంది, కింద మంచి నీడ. అక్కడ నిలబెట్టి తీసినా మా అమ్మ ఫొటోలో నిండుగా ఉండేది.

కెమెరా దగ్గరి కుర్రాణ్ణి నేను తిట్టను. సెలవు రోజున ఎంతమందిని నిలబెట్టి పంపాడో, ఎంత టార్గెట్ పెట్టారో. నిలబడి నిలబడి కాళ్ళు మారుస్తున్నాడు. ముందు ఎవరున్నారో చూడమని వాడికి ఎవరూ చెప్పలేదు, చూడడానికి టైమూ ఇవ్వలేదు. నా కోపం ఆ టైము ఇవ్వనివాళ్ళ మీద. గుంపుకి ఒక్క నిమిషం ఎక్కువ ఇచ్చినా వాడు అమ్మ చీర చూసేవాడనే అనుకుంటున్నాను.

నీళ్ళ రైడ్ ఫొటోల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. పడవ పైనుంచి జారే చోట సెన్సర్ ఉంటుంది, అది దాటగానే కెమెరా దానంతట అదే కొడుతుంది. మనిషి ఉండడు కాబట్టి చూపు ఆశించడమూ లేదు. అద్దం మీద నీటి చుక్కలు పడి ఉన్నాయి, ఎవరూ తుడవలేదు. ఒకదాంట్లో నా చిన్నకూతురి ముఖం మీదే చుక్క. అయినా అది దానికి నచ్చింది, పుస్తకంలో పెట్టుకుంది.

నన్ను ఎక్కువ కలచివేసింది ఆ కోట. మా అమ్మ కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ గద్వాల కోట నీడలో ఉంది. లోపల చెన్నకేశవ స్వామి గుడికి శనివారం శనివారం వెళ్తుంది. కట్టుకున్నది ఆ ఊరి మగ్గం మీద నేసిన చీర. ఆ చీర తీసేసి ఎవరికీ తెలియని ఒక కోటని ఆమె మీద అచ్చువేశారు.

మీలో ఎవరైనా సెలవులకి ఇలాంటి చోటికి వెళ్తే, పెద్దవాళ్ళు కూడా ఉంటే, ఒక మాట చెప్తాను. పరదా ఆకుపచ్చదైతే ఆ రంగు చీరతో దాని ముందు నిలబడనివ్వకండి, పైన వేరే రంగు శాలువా కప్పినా నయం. పరదా నుంచి ఆరేడు అడుగులు ముందుకి మీరే జరగండి, తోసినా జరగండి. డబ్బు కట్టేముందు తెర మీద ఫొటో పెద్దది చేసి చూపించమనండి, ముఖాలే కాదు, కాళ్ళ దాకా చూడండి. ఫైలు ఇస్తారో లేదో అప్పుడే అడగండి. సిగ్గుపడకండి. నేను వెనక ఉన్న జనాన్ని చూసి సిగ్గుపడి ఊరుకున్నాను.

అమ్మ ఆ ప్రింటు తనతోనే గద్వాల తీసుకెళ్ళింది. పారేద్దామంటే ఒప్పుకోలేదు. “పిల్లలు మంచిగ వడ్డరు గద” అంది. గోడకి మాత్రం పెట్టలేదు.

తమ్ముడు దసరాకి మళ్ళీ వస్తున్నాడు. ఈసారి ఇంట్లోనే, నా కెమెరాకి టైమర్ పెట్టి తీద్దామని అనుకున్నాం. ఆ మాట చెప్పడానికి నిన్న ఫోన్ చేస్తే, అమ్మ అప్పటికే అటక మీంచి నాయన నీలం పరదా దింపించి ఎండలో వేసిందట. “రెండు జాగల ఎలుకలు కొట్టినయి బిడ్డా, అతుకు ఏస్తున్న. నిలబడితె కనపడదులే” అంది.

ఏ చీర కట్టుకుంటావమ్మా అని అడిగాను.

“అదే. ఇస్త్రీకి ఇచ్చిన” అంది.